రూపాయి వడ్డీ నుంచి ఏడాది శాతానికి: ఇంటి డబ్బు నిర్ణయాలను ఒకే కొలతతో తూచే పద్ధతి

మన ఊళ్లలో అప్పు గురించి మాట్లాడేటప్పుడు శాతం అనే మాట అరుదుగా వినిపిస్తుంది. "రూపాయిన్నరకు తెచ్చాం", "రెండు రూపాయలకు ఇచ్చాడు" అంటారు. నూరు రూపాయలకు నెలకు అంత వడ్డీ అని వినేవారికి వెంటనే అర్థమవుతుంది. అదే డబ్బు బ్యాంకులో ఏడాది శాతంగా, చీటీలో పాట తగ్గింపుగా, బీమా ఏజెంటు దగ్గర వెయ్యికి ఇంత బోనస్‌గా, షోరూములో నెలవారీ కిస్తీగా, ప్లాట్లు అమ్మేవారి దగ్గర గజం ధరగా కనిపిస్తుంది. ఒక్కొక్క చోట ఒక్కొక్క కొలత ఉండటం వల్ల ఏది చవక, ఏది ఖరీదు అని పక్కపక్కన పెట్టి చూసే అవకాశం కుటుంబానికి దొరకదు. అందుకే ఒకే ఇంట్లో ఒకవైపు 7 శాతం వచ్చే డిపాజిట్, మరోవైపు 42 శాతం పడే క్రెడిట్ కార్డు బాకీ ఏళ్ల తరబడి కలిసి కొనసాగుతుంటాయి. తెలివితక్కువతనం వల్ల కాదు, రెండూ వేర్వేరు కొలతల్లో ఉన్నందువల్లే ఇలా జరుగుతుంది.

ఈ వ్యాసంలో చెప్పదలచిన పద్ధతి ఒక్కటే: డబ్బు తెచ్చినా, దాచినా, పెట్టుబడి పెట్టినా, సంతకం చేసే ముందు ఆ వ్యవహారాన్ని ఏడాదికి ఎంత శాతం అనే లెక్కలోకి మార్చి చూడాలి. ఆ మార్పు ఎలా చేయాలో ఒక్కొక్క సందర్భాన్ని తీసుకుని వివరిస్తాను. ఇక్కడి లెక్కలన్నీ ఫోనులోని కాలిక్యులేటర్‌తోను, ఉచితంగా దొరికే స్ప్రెడ్‌షీట్‌తోను ఎవరైనా చేసుకోదగినవే.

నోటు మీద తెచ్చిన అప్పు

రూపాయల వడ్డీని ఏడాది శాతంగా మార్చడానికి 12తో గుణిస్తే చాలు. రూపాయి వడ్డీ అంటే 12 శాతం, రూపాయిన్నర అంటే 18, రెండు రూపాయలంటే 24, మూడు రూపాయలంటే 36 శాతం. స్వయం సహాయక సంఘాల మహిళలకు పరిచయమైన పావలా వడ్డీ కూడా ఈ లెక్కలోదే; నెలకు 25 పైసలంటే ఏడాదికి 3 శాతం.

అయితే ప్రామిసరీ నోటు విషయంలో ఈ గుణకారం దగ్గర ఆగకూడదు. నోటు మీద కోర్టుకు వెళ్లే గడువు మూడేళ్లు కాబట్టి, ఆ గడువు దాటకముందే అప్పిచ్చినవారు నోటును తిరగరాయిస్తారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా పేరుకున్న వడ్డీ అసలులో కలిసిపోతుంది. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి ఏమీ కట్టలేకపోయిన రైతు మూడేళ్ల తర్వాత 1,72,000 రూపాయలకు కొత్త నోటు రాస్తాడు. మరో మూడేళ్లకు, అదే వడ్డీ మీద, ఆ బాకీ 2,95,840 రూపాయలవుతుంది. అంటే ఆరేళ్లలో లక్ష దాదాపు మూడు లక్షలు. నోటు తిరగరాయవలసి వచ్చినప్పుడు కనీసం వడ్డీ మొత్తాన్నైనా చెల్లించి, పాత అసలుకే కొత్త నోటు రాయడం వల్ల ఈ పెరుగుదల ఆగుతుంది. మధ్యలో కట్టిన ప్రతి మొత్తాన్నీ నోటు వెనుక తేదీతో, సంతకంతో చెల్లు రాయించుకోవడం, తీర్చిన రోజున అసలు నోటును వెనక్కి తీసుకోవడం అప్పు తెచ్చిన వారి పని. దాన్ని మొహమాటానికి వదిలేయకూడదు. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు కాబట్టి బ్యాంకు ఖాతా ద్వారా జరిగే లావాదేవీ ఇద్దరికీ క్షేమం, పైగా అదే రుజువుగా నిలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. బీరువాలో బంగారం ఉంచుకుని బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవడం మన ఇళ్లలో చాలా మామూలు విషయం. నగలు బ్యాంకుకు వెళ్లడం పరువు తక్కువ అనే భావన దీనికి కారణం. బ్యాంకులో బంగారు రుణం సాధారణంగా రూపాయి వడ్డీకి లోపలే దొరుకుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. రెండు లక్షల అప్పు మీద ఏడాదికి సుమారు 24,000 రూపాయల తేడా వస్తుందంటే, పరువు పేరుతో ఆ కుటుంబం నెలకు రెండు వేలు కడుతున్నట్టే. తాకట్టు పెట్టడంలో ప్రమాదం లేదని కాదు. గడువుకు తీర్చకపోతే నగ వేలానికి వెళుతుంది. కానీ తీర్చగల శక్తి ఉన్నవారు వడ్డీ తక్కువ ఉన్న దారిని సిగ్గుపడి వదులుకోవలసిన పని లేదు.

కిస్తీల అప్పు

రెండు చక్రాల బండికో, ఫ్రిజ్‌కో, చిన్న వ్యాపారానికో ఫైనాన్సు ఇచ్చేవారు "వడ్డీ పది శాతమే" అంటారు. లక్ష రూపాయలు, రెండేళ్లు, ఏడాదికి 10 శాతం చొప్పున వడ్డీ 20,000. మొత్తం 1,20,000ను 24తో భాగిస్తే నెలకు 5,000 కిస్తీ. లెక్క శుభ్రంగా కనిపిస్తుంది. అయితే మొదటి నెల నుంచే అసలు తీరుతూ వస్తున్నా, వడ్డీని మాత్రం చివరి నెల వరకూ పూర్తి లక్ష మీదనే వేశారు. ఏడాది గడిచేసరికి మీ దగ్గర సగం కంటే కొంచెం ఎక్కువ అసలు మాత్రమే మిగిలి ఉంటుంది. ఆఖరి నెలలో ఐదు వేల లోపే ఉంటుంది. సగటున చూస్తే రెండేళ్లూ మీరు వాడుకున్నది లక్షలో సగం పైచిలుకే. కాబట్టి అసలు వడ్డీ పది కాదు, దాదాపు 18 శాతం. ప్రాసెసింగ్ ఫీజు పేరిట 2,000 ముందే కోసుకుని 98,000 చేతికిస్తే అది 20 శాతం దాటుతుంది.

దీన్ని స్వయంగా సరిచూసుకోవడం సులభం. ఫోనులో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఒక గడిలో సమానం గుర్తు వేసి, రేట్ అనే ఫార్ములా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, బ్రాకెట్‌లో వరుసగా నెలల సంఖ్య, మైనస్ గుర్తుతో కిస్తీ, చేతికి వచ్చిన మొత్తం కామాలతో ఇవ్వాలి. పై ఉదాహరణలో 24, -5000, 98000 అన్నమాట. ఎంటర్ కొట్టగానే వచ్చేది నెల వడ్డీ. దాన్ని 12తో గుణిస్తే ఏడాది శాతం, 100 రూపాయల లెక్కలో చూస్తే మన రూపాయల వడ్డీ. ఇక్కడ సుమారు రూపాయి 69 పైసలని తేలుతుంది. "పది శాతమే" అన్న అప్పు నిజానికి దాదాపు రూపాయి డెబ్బై పైసల వడ్డీ అప్పు అన్నమాట.

చేతికి వచ్చిన మొత్తం అన్న చోట చాలామంది పొరబడతారు. అప్పు పత్రంలో రాసిన మొత్తాన్ని కాదు, ఫీజులు, రుణంతో పాటు అంటగట్టిన బీమా ప్రీమియం పోగా మీ ఖాతాలో పడిన మొత్తాన్ని వేయాలి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వ్యక్తులకు ఇచ్చే రుణాలకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రాన్ని ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందులో ఇలాంటి ఖర్చులన్నీ కలుపుకున్న వార్షిక రేటు ఉంటుంది. ఆ పత్రాన్ని అడిగి తీసుకోండి, అందులో ఆ ఒక్క అంకెను వెతకండి. పత్రం ఇవ్వడానికి తటపటాయించే చోట అప్పు తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

క్రెడిట్ కార్డు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డుల్లో నెలకు మూడు నుంచి మూడున్నర శాతం పైగా వడ్డీ పడుతుంది. ఊరి భాషలో అది మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ రేటు చెబితే లేచి వచ్చేస్తాం. కార్డు బాకీ ఉన్న ఇంట్లో వేరే పొదుపు ఆలోచనలన్నిటికంటే ముందు ఆ బాకీ తీరాలి, అవసరమైతే ఫిక్స్‌డ్ డిపాజిట్ చెరిపైనా.

చీటీ: ఎప్పుడు పాడుకుంటే ఎంత పడుతుంది

తెలుగువారి పొదుపులో చీటీకి ఉన్న స్థానం మరి దేనికీ లేదు. పెళ్లిళ్లు, ఇంటి స్లాబులు, పిల్లల కాలేజీ ఫీజులు చీటీల మీద నడిచిన కుటుంబాలు లెక్కలేనన్ని. దాన్ని తీసిపారేసే సలహాదారులతో నేను ఏకీభవించను. కానీ వడ్డీ ఎంతో తెలియకుండా చీటీ వేయడం మాత్రం ప్రమాదం. అందుకే ఈ లెక్కను వివరంగా చూద్దాం.

ఐదు లక్షల చీటీ, 25 మంది సభ్యులు, నెలకు 20,000 అనుకుందాం. నిర్వాహకుల కమీషన్ 5 శాతం, అంటే ప్రతి నెలా 25,000. మొదటి నెల పాట 1,50,000 తగ్గింపుకు వెళ్లిందని, అది నెలనెలా సమానంగా తగ్గుతూ ఆఖరి నెలకు కమీషన్ మాత్రమే మిగిలిందని అనుకుందాం. కమీషన్ పోగా మిగిలిన తగ్గింపు 25 మందికి పంచుతారు కాబట్టి మొదటి నెల ఒక్కొక్కరూ కట్టేది 15,000, చివరి నెల 20,000. మొత్తం 25 నెలల్లో ఎవరైనా కట్టేది 4,37,500 రూపాయలు.

ఆఖరి నెల దాకా ఆగినవారికి 4,75,000 వస్తుంది. అంటే 37,500 లాభం. డబ్బు నెలనెలా కొంచెం కొంచెంగా వెళ్లింది కాబట్టి ఏడాదికి ఇది సుమారు 8.5 శాతం. మూడో నెలలో పాడుకున్నవారికి దాదాపు 3,60,000 చేతికి వస్తుంది. వారి లెక్క వేస్తే ఏడాదికి 23 శాతం అప్పు, మన భాషలో రెండు రూపాయలకు కొద్దిగా తక్కువ.

మధ్యలో, 13వ నెలలో పాడుకున్నవారి సంగతి చాలామంది గమనించరు. వారికి వచ్చేది 4,12,500. అందులో 2,11,250 అప్పటికే వారు కట్టిన సొంత డబ్బు. దాని మీద అప్పటిదాకా ఒక్క పైసా వడ్డీ రాలేదు. మిగిలిన 2,01,250 మాత్రమే అప్పు. దానికి బదులుగా తర్వాతి 12 నెలల్లో 2,26,250 కట్టాలి, ఆ అప్పు వడ్డీ దాదాపు 22 శాతం పడుతుంది. పొదుపు మీద రాబడి లేదు, అప్పు మీద వడ్డీ తక్కువా కాదు. "సగంలో పాడుకుంటే నష్టం తక్కువ" అన్న మాట ఈ లెక్కకు నిలబడదు. కాబట్టి చీటీ వేసేటప్పుడే తేల్చుకోవాలి: ఇది పొదుపు కోసమా, అప్పు కోసమా? పొదుపు కోసమైతే చివరిదాకా ఆగగలగాలి. ఇరవై నాలుగు శాతం పైబడ్డ బాకీ ఏదైనా తీర్చడానికో, మరెక్కడా అప్పు పుట్టని పరిస్థితిలో వ్యాపారానికో అయితే మొదట్లో పాడుకోవడంలో అర్థముంది. ఎవరో ఎక్కువ పాడుతున్నారన్న పంతంతో మధ్యలో పాట అందుకోవడం అన్నిటికంటే బలహీనమైన దారి.

కమీషన్ ప్రభావం కూడా ఇక్కడే కనిపిస్తుంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం కమీషన్ పరిమితి 5 శాతంగా ఉండేది. 2019 సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది. పై ఉదాహరణలోనే మొదటి నెల తగ్గింపు అలాగే ఉంచి, కమీషన్ 7 శాతం వేసి, తగ్గింపు నెలనెలా సమానంగా తగ్గుతూ చివరి నెలకు కమీషన్ మాత్రమే మిగులుతుందనుకుంటే ఆఖరి సభ్యునికి వచ్చే రాబడి 8.5 నుంచి 5 శాతం పైచిలుకుకు దిగిపోతుంది. పోస్టాఫీసు ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ మీద 2025లో 6.7 శాతం వడ్డీ ఉంది. కమీషన్‌లో తేడా చూడటానికి రెండు శాతమే అయినా, చీటీని పొదుపుగా నిలబెట్టేది, పడగొట్టేది ఆ రెండు శాతమే. చేరే ముందు కమీషన్ ఎంత అని అడగడం తప్పనిసరి.

ఆఖరిదాకా ఆగినవారు మోసే ప్రమాదాన్ని ఈ శాతం చూపదు. మిగతా 24 మంది డబ్బు తీసుకుని వెళ్లిపోయిన తర్వాత వారు సరిగా కడితేనే, నిర్వాహకులు నిలబడితేనే మీ డబ్బు వస్తుంది. చీటీకి చిట్స్ రిజిస్ట్రారు ముందస్తు అనుమతి ఉందా, ఒప్పంద పత్రం ఇచ్చారా, పాడుకున్నవారి దగ్గర జామీనులు తీసుకుంటున్నారా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం రాతపూర్వకంగా చూడాలి. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీకి ఈ రక్షణ ఏదీ ఉండదు. పోయినా తట్టుకోగల మొత్తానికి మించి అందులో వేయకండి.

బీమా, పొదుపు కలిపిన పాలసీ

"ఏడాదికి 50,000 చొప్పున ఇరవై ఏళ్లు కడితే పది లక్షలకు పదిహేడు లక్షల ముప్ఫయ్యారు వేలు వస్తాయి" అని చెప్పే పాలసీని తీసుకోండి. వినగానే డెబ్బై శాతం పైగా లాభం అనిపిస్తుంది. ఏడాది లెక్కలోకి మారిస్తే అది సరిగ్గా 5 శాతం. వెయ్యికి 40 రూపాయల బోనస్ అంటే 4 శాతం వడ్డీ అని అనుకోవడం కూడా పొరపాటే. ఆ బోనస్ మీరు కట్టిన డబ్బు మీద కాదు, బీమా మొత్తం మీద లెక్కిస్తారు, అది చేతికి వచ్చేది గడువు ముగిశాకే, ఈలోగా దాని మీద వడ్డీ పుట్టదు.

అదే 50,000ను ఏటా ఏప్రిల్ మొదటివారంలో ప్రజా భవిష్య నిధిలో, అంటే పీపీఎఫ్‌లో వేసి, పదిహేనేళ్ల తర్వాత మరో ఐదేళ్లు పొడిగిస్తే, ప్రస్తుత 7.1 శాతం కొనసాగిందనుకుంటే 22 లక్షలు దాటుతుంది. తేడా దాదాపు నాలుగు లక్షల ఎనభై వేలు. ఈ తేడాలో కొంత భాగంతో పాలసీ ఇచ్చేదానికంటే ఎన్నో రెట్ల టర్మ్ బీమా, అంటే పొదుపు కలపకుండా గడువులో మరణిస్తేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే బీమా, తీసుకోవచ్చు. కుటుంబం మీ సంపాదన మీద ఆధారపడి ఉంటే వార్షిక ఆదాయానికి పది రెట్లకు తగ్గని టర్మ్ బీమా ఉండాలన్నది సాధారణంగా పాటించే కొలత. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, కాబట్టి పాత ధరలు చూసి వెనుకాడనక్కరలేదు.

పీపీఎఫ్‌లో ప్రతి నెలా వేసేవారు ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి: 5వ తేదీ ముగిసినప్పటి నిల్వకు, నెలాఖరు నిల్వకు మధ్య ఏది తక్కువైతే దాని మీదే ఆ నెల వడ్డీ కడతారు. 6వ తేదీన వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. ఆడపిల్లకు పదేళ్లు నిండకముందైతే సుకన్య సమృద్ధి ఖాతాలో ఇంకా ఎక్కువ వడ్డీ ఉంది. 2024 జనవరి నుంచి అది 8.2 శాతం.

ఇప్పటికే పాలసీ తీసుకుని ఉన్నవారు కంగారుపడి రద్దు చేసుకోకూడదు. పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు అయితే నచ్చలేదని వెనక్కి ఇచ్చే హక్కు ఉంది, దాన్ని వాడుకోవచ్చు. ఆ గడువు దాటితే కట్టిన డబ్బును తలచుకోవడం మాని ముందున్న లెక్క మాత్రమే వేయాలి: ఈరోజు సరెండర్ చేస్తే వచ్చే మొత్తాన్ని పెట్టుబడిగా అనుకుని, దానికి ఇకముందు కట్టాల్సిన ప్రీమియాలు కలిపి, గడువుకు వచ్చే మొత్తంతో పోల్చి శాతం కట్టండి. సగం కంటే ఎక్కువ కాలం గడిచిపోయిన పాలసీల్లో ఈ శాతం తరచుగా మెరుగ్గా ఉంటుంది, అప్పుడు కొనసాగించడమే సరైన పని కావచ్చు. ఇలా కిస్తీలు, తేదీలు సమానంగా లేని లెక్కలకు స్ప్రెడ్‌షీట్‌లో ఎక్స్‌ఐఆర్‌ఆర్ అనే ఫార్ములా ఉంటుంది. ఒక నిలువు వరుసలో తేదీలు, పక్క వరుసలో మొత్తాలు రాయాలి. జేబులోంచి వెళ్లేవి మైనస్ గుర్తుతో, వచ్చేవి గుర్తు లేకుండా. అది వడ్డీ మీద వడ్డీని కూడా కలిపి చూపుతుంది కాబట్టి 12తో గుణించిన రేటు కంటే కొద్దిగా ఎక్కువ వస్తుంది. పోల్చే రెండిటికీ ఒకే పద్ధతి వాడితే చాలు.

స్థలం, డిపాజిట్, ఇంటి రుణం

"గజం ఐదు వేలకు కొన్నాం, పదేళ్లలో పన్నెండున్నర వేలైంది" అన్న మాటలో రెండున్నర రెట్ల ఆనందం ఉంటుంది. 200 గజాలకు పది లక్షలు పెట్టి, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులకు మరో 75,000 పెట్టినవారికి ఈరోజు 25 లక్షలు వస్తే ఏడాదికి 9 శాతం లోపే. చెడ్డ రాబడి కాదు, కానీ మనం ఊహించుకునేంత గొప్పదీ కాదు. పైగా ఆ పదేళ్లూ అద్దె రాదు, ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజున నాలుగు గజాలు అమ్ముకోలేం. అప్పు చేసి ప్లాటు కొంటున్నవారు ఈ 9ను తమ అప్పు రేటు పక్కన పెట్టి చూసుకోవాలి.

డిపాజిట్ల దగ్గర పన్ను తర్వాత మిగిలే శాతాన్ని చూడాలి. 30 శాతం పన్ను పరిధిలో ఉన్న ఉద్యోగికి 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద, సెస్సుతో కలిపి పన్ను పోగా మిగిలేది 4.8 శాతం మాత్రమే. అదే ఉద్యోగికి 8.5 శాతం ఇంటి రుణం ఉండి, కొత్త పన్ను విధానంలో ఉంటే, సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు. అప్పుడు రుణంలో ముందస్తుగా కట్టిన ప్రతి రూపాయీ 8.5 శాతం పన్ను లేని రాబడి ఇచ్చినట్టే. మారే వడ్డీ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాలను ముందే తీర్చినా జరిమానా ఉండదు. అయితే చేతిలో ఆరు నెలల ఇంటి ఖర్చు నగదుగా నిలిపి ఉంచుకున్నాకే అదనపు చెల్లింపులు మొదలుపెట్టండి. మామూలు ఇంటి రుణంలో కట్టిన డబ్బును అవసరం వచ్చినప్పుడు బ్యాంకు వెనక్కి ఇవ్వదు.

ఈ కొలత చూపలేనివి

శాతం ఎక్కువ కనిపించే చోట రెండో ప్రశ్న వేయాలి: ఈ డబ్బు వెనక్కి రాకపోతే అడగడానికి ఎవరున్నారు? బ్యాంకు డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. డిపాజిట్లు సేకరించి తిరిగి ఇవ్వలేకపోయిన అగ్రిగోల్డ్ సంస్థలో డబ్బు పెట్టిన చిన్న డిపాజిట్‌దారులు ఏళ్ల తరబడి ఎదురుచూసిన తర్వాత, 2019లో పది వేల లోపువారికి, 2021లో ఇరవై వేల లోపువారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది. కూలి చేసి, పాలు అమ్మి కూడబెట్టిన డబ్బది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 చట్టం నిషేధించింది. డిపాజిట్లు సేకరించే సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు సచేత్ వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు, ఫిర్యాదు కూడా అక్కడే చేయవచ్చు. నెలకు మూడు రూపాయలు గ్యారంటీ అని ఎవరైనా చెబితే దాన్ని 36 శాతంగా మార్చి, బ్యాంకులో రూపాయి వడ్డీకి అప్పు దొరుకుతుండగా ఈ సంస్థ మూడు రూపాయలకు మీ దగ్గర ఎందుకు తీసుకుంటోందని అడగండి. దానికి నిజాయితీగల సమాధానం ఉండదు.

షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో ఏడాది శాతాన్ని ముందుగా ఎవరూ చెప్పలేరు. 2008 జనవరిలో 21,000 దాటిన షేర్ల సూచీ సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 8,000 కిందికి కూడా జారింది. అందువల్ల కనీసం ఏడేళ్లపాటు ముట్టుకోనక్కరలేని డబ్బును మాత్రమే, నెలనెలా సిప్ రూపంలో, పెద్ద సూచీని అనుసరించే ఫండ్‌లో పెట్టడం సామాన్య కుటుంబానికి సరిపోతుంది. రాబడి మన చేతిలో లేకపోయినా ఖర్చు మన చేతిలోనే ఉంది. ఒకే ఫండ్‌కు 2013 జనవరి నుంచి డైరెక్ట్ ప్లాన్ కూడా ఉంది. అందులో మధ్యవర్తి కమీషన్ ఉండదు. నెలకు 10,000 చొప్పున ఇరవై ఏళ్లు పెట్టి, ఖర్చు పోగా 12 శాతం వచ్చిందనుకుంటే దాదాపు కోటి అవుతుంది. ఒక్క శాతం కమీషన్‌కు పోయి 11 వస్తే 87 లక్షల దగ్గర ఆగుతుంది. ఫండ్ స్టేట్‌మెంట్‌లో పథకం పేరు చివర రెగ్యులర్ అని ఉందా, డైరెక్ట్ అని ఉందా చూడండి.

లెక్క మొదలుపెట్టే విధానం

ఒక ఆదివారం ఇంట్లో సంపాదించేవారు, ఖర్చు పెట్టేవారు అందరూ కూర్చుని ఒక నోట్‌బుక్‌లో ఎదురెదురు పేజీలు తీసుకోండి. ఎడమ పేజీలో బాకీలన్నీ, కుడి పేజీలో పొదుపులన్నీ రాసి, ప్రతిదాని ఎదుట ఏడాది శాతం వేయండి: నోటు అప్పు, కార్డు, బండి కిస్తీ, డ్వాక్రా రుణం, బంగారు రుణం ఒకవైపు, చీటీ, పాలసీ, డిపాజిట్, పీపీఎఫ్, ఫండ్ మరోవైపు. అత్తగారి పేరున ఉన్న డిపాజిట్, తమ్ముడికి ఇచ్చిన చేబదులు కూడా వదలకండి. బాకీల్లో అన్నిటికంటే పెద్ద శాతాన్ని, పొదుపుల్లో అన్నిటికంటే చిన్న శాతాన్ని గుర్తుపట్టండి. మొదటిది రెండోదానికంటే ఎక్కువగా ఉండి, రెండోది చెరపడానికి వీలుంటే, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టి మిగిలినదానితో ఆ బాకీని తీర్చండి. ఆ తర్వాత ఆ కిస్తీకి వెళ్లే నెలసరి మొత్తాన్ని ఇంటి ఖర్చులో కలవనివ్వకుండా, మరుసటి నెల నుంచే జాబితాలోని తర్వాతి పెద్ద బాకీకి మళ్లించండి. ప్రభుత్వం చిన్న మొత్తాల పొదుపు వడ్డీని మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. ఈ పేజీలను కూడా అదే సమయంలో ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది.